గ్రీన్ కార్డు కోటాల వెనకున్న బ్రూక్లిన్ పెద్దాయన: ఇమాన్యుయెల్ సెల్లర్ యాభై ఏళ్ల ప్రస్థానం

గ్రీన్ కార్డుల గురించి ఏ వార్త వచ్చినా తెలుగు ఇళ్లలో ఒకటే లెక్క మొదలవుతుంది. ఒక్కో దేశంలో పుట్టినవాళ్లకి ఏటా 7 శాతానికి మించి ఇవ్వరట, మనవాళ్లేమో లక్షల్లో ఉన్నారట, ఇంక మనవాడికి ఎప్పటికి వస్తుంది అని. ఈ దేశాలవారీ పరిమితి ఎక్కడిది అని వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే 1965 నాటి హార్ట్-సెల్లర్ చట్టం తగులుతుంది. అందులో హార్ట్ అంటే మిషిగన్ సెనేటర్ ఫిలిప్ హార్ట్. సెల్లర్ అంటే న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ నుంచి ప్రతినిధుల సభకి వరసగా 25 సార్లు గెలిచిన ఇమాన్యుయెల్ సెల్లర్. 1923 మార్చి 4న సభలో అడుగుపెట్టి 1973 జనవరి 3న బయటికొచ్చారు. యాభై ఏళ్లకి రెండు నెలలే తక్కువ.

భారతీయుల అమెరికా జీవితాన్ని మలుపు తిప్పిన రెండు చట్టాలకి ఆయన పేరుంది. అయినా మనలో ఆయన గురించి తెలిసినవాళ్లు అరుదు. ఆ లోటు ఎంతో కొంత తీర్చాలనే ఈ వ్యాసం. ఆయన కథ అర్థం కావాలంటే ముందు అమెరికా సభ నడిచే తీరు తెలియాలి. ఆయన సాధించినవాటిలో చాలాభాగం అక్కడ ఎన్నేళ్లు పాతుకుపోయి ఉన్నారన్నదాని మీదే ఆధారపడింది. ఆయన అడ్డుపడినవీ అంతే.

కమిటీ ఛైర్మన్‌కి అంత బలం ఎక్కడిది?

అమెరికా కాంగ్రెస్‌లో రెండు సభలు. ప్రతినిధుల సభలో 435 మంది, రెండేళ్లకోసారి ఎన్నిక. సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు, ఆరేళ్ల పదవీకాలం. మన లోక్‌సభలో మంత్రి పెట్టిన బిల్లు, ప్రభుత్వానికి మెజారిటీ ఉంటే, దాదాపుగా పాసైపోతుంది. అక్కడ మంత్రులు సభ్యులుగా ఉండరు. ఏ సభ్యుడైనా బిల్లు పెట్టొచ్చు, పెడతారు కూడా, వేలకొద్దీ. ప్రతి బిల్లూ ఏదో ఒక కమిటీకి వెళ్తుంది. దాన్ని చర్చకి తీసుకోవాలా, సాక్షుల్ని పిలవాలా, బల్ల కింద పడేయాలా అన్నది ఎక్కువగా ఆ కమిటీ ఛైర్మన్ చేతిలో ఉంటుంది. అధిక శాతం బిల్లులు అక్కడే ఆగిపోతాయి.

మరి ఛైర్మన్ ఎవరవుతారు? సెల్లర్ కాలంలో దానికి తిరుగులేని ఆనవాయితీ ఒకటుండేది. మెజారిటీ పార్టీ సభ్యుల్లో ఆ కమిటీలో ఎక్కువ కాలం నుంచి ఉన్నవాళ్లే ఛైర్మన్. దీన్నే సీనియారిటీ పద్ధతి అనేవారు. ప్రతిభతో, పార్టీ విధేయతతో సంబంధం లేదు. ఓడిపోకుండా ఉంటే చాలు, ఓపిక పడితే వంతు వస్తుంది. దక్షిణాది రాష్ట్రాల్లో డెమోక్రటిక్ పార్టీకి ఎదురు లేదు కాబట్టి నల్లజాతివారి హక్కుల్ని వ్యతిరేకించే దక్షిణాది నాయకులు ఈ పద్ధతి వల్లే కీలక కమిటీల్ని దశాబ్దాల పాటు ఏలారు. ఉత్తరాది నుంచి, ఉదారవాదిగా పేరున్న డెమోక్రాట్ అదే నిచ్చెన ఎక్కడం సెల్లర్ ప్రత్యేకత.

ఆయన ఎక్కింది మామూలు కమిటీ కాదు. న్యాయవ్యవహారాల కమిటీ, అంటే జ్యుడీషియరీ కమిటీ. రాజ్యాంగ సవరణలు, పౌరహక్కులు, కంపెనీల గుత్తాధిపత్యం, వలస చట్టాలు అన్నీ దాని కిందికే వస్తాయి. 1949 నుంచి 1953 వరకు, మధ్యలో రిపబ్లికన్లకి మెజారిటీ వచ్చిన రెండేళ్లు పోను, మళ్లీ 1955 నుంచి 1973 వరకు ఆ కమిటీ ఆయన చేతిలోనే ఉంది. మొత్తం 22 ఏళ్లు.

కోటా లెక్కలో దాగిన వివక్ష: 1924

సెల్లర్ 1888 మే 6న బ్రూక్లిన్‌లో, జర్మనీ మూలాలున్న యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రిది విస్కీ వ్యాపారం. అది దెబ్బతిన్నాక వైన్ అమ్ముకుంటూ సంసారం ఈదాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతుండగానే తల్లిదండ్రులిద్దరూ పోయారు. తండ్రి చేసిన వైన్ అమ్మకం పనే తను అందుకుని, ఇల్లు నడుపుతూ 1912లో న్యాయశాస్త్రం పూర్తి చేశారు. పదేళ్ల తర్వాత, 1922లో కాంగ్రెస్‌కి గెలిచారు.

ఆయన సభలోకి వచ్చిన మరుసటి ఏడాదే జాన్సన్-రీడ్ చట్టం వచ్చింది. దీని లెక్క జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే వివక్షంతా ఆ లెక్కలోనే ఉంది. ఒక దేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాళ్లు ఎంతమంది ఉంటే, అందులో 2 శాతం మందికి ఏటా ప్రవేశం. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఏ సంవత్సరం జనాభా లెక్క ప్రకారం? 1920 లెక్కలు చేతిలో ఉండగా చట్టం 1890 లెక్కల్ని పట్టుకుంది. ఇటాలియన్లు, పోలండ్ వాళ్లు, గ్రీకులు, తూర్పు యూరప్ యూదులు ఎక్కువగా వచ్చింది 1890 తర్వాతే. ఫలితం చూడండి. అంతకు ముందు 1921 చట్టం కింద ఏటా 42,057 మందికి చోటున్న ఇటలీకి కొత్త కోటా 3,845. గ్రీసుకి 100. జర్మనీకి మాత్రం 51,227. ఏ దేశం పేరూ పెట్టి తిట్టకుండానే ఎవరు కావాలో ఎవరు వద్దో తేల్చేశారు.

ఆసియా వాళ్లకి ఈ లెక్క కూడా లేదు. పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు వలస రాకూడదని చట్టం తేల్చింది. ఆ అర్హత ఎవరికి లేదో అమెరికా సుప్రీంకోర్టు 1923 ఫిబ్రవరి 19న, భగత్ సింగ్ థింద్ కేసులో చెప్పింది: భారతీయులు శ్వేతజాతీయుల కిందికి రారు, కాబట్టి పౌరులు కాలేరు. సెల్లర్ పదవీకాలం మొదలైంది ఆ తీర్పు వచ్చిన రెండు వారాలకే.

కొత్త సభ్యుడిగా సెల్లర్ 1924 బిల్లుని గట్టిగా వ్యతిరేకించారు. భారీ మెజారిటీతో అది పాసైంది. ఆయన నియోజకవర్గంలోని వలస కుటుంబాలకి తమ వాళ్లని తెచ్చుకునే దారి మూసుకుపోయింది. ఆ చట్టాన్ని తీసేయించడం ఆయనకి 41 ఏళ్ల పని అయింది.

వంద మందికి చోటు: 1946

థింద్ తీర్పు తర్వాత, అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాన్ని కూడా రద్దు చేయించడానికి ప్రభుత్వం కేసులు వేసింది. కాలిఫోర్నియాలో పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు పొలం కొనే వీల్లేదు. చదువుకోడానికి రావచ్చు, పని చేయొచ్చు, పన్ను కట్టొచ్చు. ఆ దేశం మాత్రం తమది కాదు.

ఈ స్థితి ఎలాంటిదో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెబుతుంది. 1920ల మొదట్లో బోస్టన్ వెళ్లి హార్వర్డ్‌లో చదివారు, తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకి నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్ తయారీ మీద, క్యాన్సర్‌కి నేటికీ వాడే మెథోట్రెక్సేట్ మీద ఆయన బృందం చేసిన పని తెలిసిందే. ఇంత చేసిన మనిషికి, అడిగినా అమెరికా పౌరసత్వం ఇవ్వని చట్టం 1946 దాకా అమల్లో ఉంది. వీలు కలిగాక కూడా తీసుకోకుండానే 1948లో కన్నుమూశారు.

ఆ వీలు కల్పించింది లూస్-సెల్లర్ చట్టం. క్లేర్ బూత్ లూస్ కనెక్టికట్ నుంచి గెలిచిన రిపబ్లికన్, సెల్లర్ డెమోక్రాట్. ఇండియా లీగ్ ఆఫ్ అమెరికా తరఫున జె.జె. సింగ్ వాషింగ్టన్‌లో గట్టిగా తిరిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైనికులు మిత్రరాజ్యాల పక్షాన పోరాడారు కాబట్టి, వాళ్ల జాతి పనికిరాదనే చట్టాన్ని సమర్థించుకోవడం అమెరికాకి కష్టమైంది. 1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేశారు. భారతీయులు పౌరులు కావచ్చు. ఏటా 100 మంది వలస రావచ్చు.

నూరు అంటే ఏపాటి అనిపిస్తుంది. అసలు విలువ ఆ అంకెలో లేదు, పౌరసత్వంలో ఉంది. కాలిఫోర్నియాలో వ్యవసాయం చేసే దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడయ్యారు. 1956లో అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికై, సెల్లర్ ఉన్న సభలోనే కూర్చున్నారు.

1965లో ఏం మారింది?

1952లో వలస చట్టాన్ని తిరగరాసినప్పుడు పాత కోటాల్ని అలాగే ఉంచారు. అప్పుడు కమిటీ ఛైర్మన్ సెల్లరే. అయినా ఆపలేకపోయారు. వలసల ఉపసంఘం ఫ్రాన్సిస్ వాల్టర్ చేతిలో ఉంది, సభలో మెజారిటీ ఆయన వైపుంది. ట్రూమన్ వీటో చేస్తే దాన్ని కూడా మూడింట రెండొంతుల ఓట్లతో తోసేశారు. ఛైర్మన్ బిల్లుని ఆపగలడనే మాట నిజమే కానీ, సభ మనసు అటుంటే ఆయన ఒక్కడే దాన్ని మార్చలేడు.

1965కి పరిస్థితి వేరు. వాల్టర్ 1963లో చనిపోయారు. కోటాలు తీసేయాలని అధ్యక్షుడు కెనెడీ 1963 జూలైలో ప్రతిపాదన పంపారు. 1964 ఎన్నికల్లో డెమోక్రాట్లకి 295 సీట్లు వచ్చాయి. జాతి వివక్షని నిషేధించే పౌరహక్కుల చట్టం పాసైన దేశంలో పుట్టుకని బట్టి మనుషుల్ని లెక్కగట్టే కోటా నిలవడం కష్టమైంది. సెల్లర్ బిల్లు ఆగస్టు 25న 318-95 ఓట్లతో ప్రతినిధుల సభ దాటింది. అక్టోబర్ 3న స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ పాదాల దగ్గర అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశారు. అక్కడికి నీళ్లు దాటితే సెల్లర్ పుట్టిన బ్రూక్లిన్.

కొత్త ఏర్పాటు ఇదీ: తూర్పు అర్ధగోళానికి, అంటే యూరప్, ఆసియా, ఆఫ్రికాలకి కలిపి ఏటా 1,70,000 వీసాలు. ఏ ఒక్క దేశానికీ 20,000 మించకూడదు. బ్రిటన్‌కైనా ఇండియాకైనా అదే పరిమితి. 1968 జూలై 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. నూరు నుంచి ఇరవై వేల దాకా! మన వైద్య కళాశాలల్లో, ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లు అమెరికా దారి పట్టడం ఆ తర్వాతే ఊపందుకుంది.

సెల్లర్ అంచనా ఎక్కడ తప్పింది?

ఈ చట్టం వల్ల అమెరికా జనాభా స్వరూపం పెద్దగా మారదని బిల్లు పెట్టినవాళ్లే నచ్చజెప్పారు. ఆసియా, ఆఫ్రికా వాళ్లకి అమెరికాలో బంధువులు తక్కువ, కాబట్టి వచ్చేవాళ్లూ తక్కువే ఉంటారని సెల్లర్ సభలో చెప్పారు. ఒహాయోకి చెందిన మైకేల్ ఫీగన్, ఉపసంఘం కొత్త ఛైర్మన్, నైపుణ్యం కన్నా కుటుంబ బంధాలకే పెద్దపీట వేయించారు. మొత్తం వీసాల్లో 74 శాతం బంధువులకి, 20 శాతం పని నైపుణ్యానికి, 6 శాతం శరణార్థులకి. ఇప్పటికే ఉన్నవాళ్ల చుట్టాలే వస్తే దేశం అలాగే ఉంటుందని లెక్క.

ఆ లెక్క ఎలా తిరగబడిందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. 1969లో గుంటూరు నుంచి ఒక డాక్టరు గారు నైపుణ్యం కోటాలో వెళ్లారనుకోండి. ఐదేళ్లకి పౌరుడవుతారు. అమ్మానాన్నల్ని పిలిపించుకుంటారు; పౌరుల తల్లిదండ్రులకి సంఖ్యా పరిమితే లేదు. తమ్ముడికి, చెల్లెలికి తోబుట్టువుల కోటాలో దరఖాస్తు పెడతారు. తమ్ముడితో మరదలు, పిల్లలు. చెల్లెలితో బావగారు. మరో ఐదేళ్లకి బావగారు తన అన్నదమ్ములకి దరఖాస్తు పెడతారు. మొదటి డాక్టరుకి అక్కడ చుట్టమంటూ ఎవరూ లేరు. పదిహేనేళ్లకి రెండు మూడు కుటుంబాలు. అప్పటికే సంపన్నమైన పశ్చిమ యూరప్ నుంచి రావాలన్న తొందర ఎవరికీ లేకపోవడంతో ఖాళీలు ఆసియాకి కలిసొచ్చాయి.

దీని మీద చరిత్రకారులు రెండు రకాలుగా మాట్లాడతారు. ఇదంతా తెలిసే, బిల్లు గట్టెక్కడానికి సెల్లర్ తక్కువ చేసి చెప్పారని కొందరు. ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతో అది నిజాయతీ అంచనాయేనని మరికొందరు. నాకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే చట్టాన్ని వ్యతిరేకించాల్సిన ఫీగన్ లాంటివాళ్లు కూడా అదే నమ్మి తమ సవరణలు పెట్టారు.

మరి 7 శాతం ఆయన పెట్టిందేనా?

సూటిగా చెప్పాలంటే, కాదు. ఏ దేశానికైనా ఒకే పరిమితి అన్న సూత్రం 1965ది. 7 శాతం అన్న అంకె 1990 చట్టంది, అప్పటికి సెల్లర్ చనిపోయి తొమ్మిదేళ్లు. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఏటా 1,40,000 అన్నదీ ఆ చట్టమే. అందులో 7 శాతం 9,800. ఉద్యోగితో పాటు భార్య లేదా భర్త, పిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ఇంటికి సగటున ముగ్గురనుకుంటే ఏడాదికి మూడు వేల పైచిలుకు కుటుంబాలు. వేరే దేశాలు వాడుకోనివి మిగిలితే క్యూలో ఉన్నవాళ్లకి వస్తాయి కాబట్టి కొన్నేళ్లు ఇండియాకి ఇంతకన్నా ఎక్కువే దక్కాయి. హెచ్1బీ వీసాకి మాత్రం దేశాలవారీ పరిమితి లేదు, అందులో సగానికి పైగా భారతీయులకే వెళ్తున్నాయి. లోపలికి వచ్చే ద్వారం వెడల్పు, స్థిరపడే ద్వారం ఇరుకు. క్యూ పెరగడానికి మూలం ఇదే.

ఇంకో మెలిక. లెక్కలోకి వచ్చేది పౌరసత్వం కాదు, పుట్టిన చోటు. విజయవాడలో పుట్టి కెనడా పౌరుడైన ఇంజినీరు ఇండియా క్యూలోనే నిలబడాలి. అతని తమ్ముడు అమ్మానాన్నలు దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు అక్కడ పుట్టి ఉంటే, ఇండియా పాస్‌పోర్టుతోనే ఎమిరేట్స్ లెక్కలోకి వెళ్తాడు. చిన్న దేశం కాబట్టి అతనికి అంత టెన్షన్ ఉండదు.

పుట్టిన చోటుని బట్టి ఆపడం 1924 బుద్ధేనని, నైపుణ్యం ఒక్కటే చూడాలని పరిమితి వద్దనేవాళ్ల వాదన. పరిమితి తీసేస్తే చాలా ఏళ్లు దాదాపు అన్ని కార్డులూ ఇండియా, చైనాలకే పోతాయని, చిన్న దేశాల వాళ్లు నష్టపోతారని, అసలు పెంచాల్సింది మొత్తం సంఖ్య అని అవతలివాళ్ల వాదన. 2019లో ప్రతినిధుల సభ ఈ పరిమితి ఎత్తేసే బిల్లుని 365-65తో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ తనదైన రూపంలో పాస్ చేసింది. రెండు రూపాలు ఒకటి కాలేదు, బిల్లు అక్కడితో ఆగింది.

అదే తాళంచెవి ఇంకో తలుపుకి

1964 పౌరహక్కుల చట్టాన్ని ప్రతినిధుల సభలో నడిపించింది సెల్లరే, ఒహాయో రిపబ్లికన్ విలియం మెకల్లక్‌తో కలిసి. కమిటీ దాటిన బిల్లు రూల్స్ కమిటీకి వెళ్లింది. దాని ఛైర్మన్ వర్జీనియాకి చెందిన హోవర్డ్ స్మిత్ విచారణ పెట్టకుండా నానబెట్టారు. 1963 డిసెంబరులో సెల్లర్ డిశ్చార్జ్ పిటిషన్ వేశారు. అంటే సభ్యుల్లో సగం పైన, 218 మంది సంతకాలు పెడితే, బిల్లుని కమిటీ చేతిలోంచి లాగి నేరుగా సభ ముందుకి తెచ్చే పద్ధతి. సంతకాలు పూర్తి కాకముందే స్మిత్ దిగొచ్చి జనవరిలో విచారణ మొదలెట్టారు. ఫిబ్రవరి 10న 290-130తో సభ బిల్లుని ఆమోదించింది.

ఆరేళ్లు గడిచాయి. ఈసారి నానబెడుతున్నది సెల్లర్. మహిళలకి సమాన హక్కులిచ్చే రాజ్యాంగ సవరణ 1923 నుంచి కాంగ్రెస్‌లో ఉంది. ఆయన ఛైర్మన్‌గా ఉండగా 1970 దాకా అది కమిటీలోంచి బయటికి రాలేదు. ఆడవాళ్ల పని గంటలు, మోసే బరువుల మీద ఉన్న రక్షణ చట్టాలు దీనివల్ల పోతాయని ఆయన వాదన. చాలా కార్మిక సంఘాలు కూడా ఏళ్ల తరబడి అదే అన్నాయి, కాబట్టి దాన్ని ఒట్టి సాకు అని కొట్టిపారేయలేం. కానీ చర్చే జరగనివ్వకపోవడానికి అది సమాధానం కాదు. మిషిగన్ సభ్యురాలు మార్తా గ్రిఫిత్స్ 1970లో ఆయన మీద అదే డిశ్చార్జ్ పిటిషన్ ప్రయోగించారు. 218 సంతకాలూ సంపాదించారు. ఆగస్టు 10న సభ 352-15తో సవరణని ఆమోదించింది.

ఇవి కాక ఇంకా ఉన్నాయి. ఒక కంపెనీ పోటీ కంపెనీ షేర్లు కొనకూడదని పాత చట్టం అంటే, కంపెనీలు షేర్లు వదిలేసి ఫ్యాక్టరీలు, యంత్రాలు కొనేసేవి. ఆ సందుని 1950లో సెల్లర్-కెఫావర్ చట్టం మూసింది. ఓటు హక్కు మీద పన్ను తీసేసిన 24వ సవరణ, అధ్యక్షుడు పదవిలో ఉండగా అశక్తుడైతే ఏం చేయాలో చెప్పే 25వ సవరణ కూడా ఆయన కమిటీ నుంచి వెళ్లినవే.

1972 జూన్: ప్రైమరీలో ఓటమి

అమెరికాలో పార్టీ టికెట్ అధిష్ఠానం ఇవ్వదు. ప్రైమరీ అనే ప్రాథమిక ఎన్నికలో ఆ పార్టీ ఓటర్లే తేలుస్తారు. సెల్లర్ లాంటి సురక్షిత నియోజకవర్గంలో అసలు పోటీ అదే. 84 ఏళ్ల సెల్లర్ మీద 1972లో ఎలిజబెత్ హోల్ట్స్‌మన్ అనే 30 ఏళ్ల లాయర్ నిలబడ్డారు. ఆమె పోటీని పుల్లతో వాషింగ్టన్ స్మారక స్తంభాన్ని పడగొట్టాలనుకోవడంతో పోల్చారు ఆయన. వియత్నాం యుద్ధం విషయంలో ఆయన వైఖరి, మహిళా సవరణకి అడ్డుపడటం, పదవిలో ఉంటూనే లా సంస్థతో సంబంధం కొనసాగించడం, నియోజకవర్గంలో పెద్దగా కనిపించకపోవడం, అన్నీ ఆమె జనం ముందు పెట్టారు. వెయ్యి ఓట్లు కూడా లేని తేడాతో ఆయన ఓడిపోయారు.

హోల్ట్స్‌మన్ గెలిచి వచ్చి కూర్చున్నది అదే జ్యుడీషియరీ కమిటీలో. ఛైర్మన్ పదవి సీనియారిటీ ప్రకారం న్యూజెర్సీ సభ్యుడు పీటర్ రోడినోకి వెళ్లింది. 1974లో వాటర్‌గేట్ వ్యవహారంలో నిక్సన్ మీద అభిశంసన విచారణ జరిపింది ఆ కమిటీయే. మరుసటి ఏడాది, 1975లో, డెమోక్రాట్లు తమ పార్టీ సమావేశంలో ఓటు పెట్టి ముగ్గురు సీనియర్ ఛైర్మన్లని దించేశారు. అప్పటి నుంచి ఆ పదవికి సీనియారిటీతో పాటు తోటి సభ్యుల మద్దతు కూడా కావలసి వచ్చింది. సెల్లర్ బ్రూక్లిన్‌లోనే ఉండిపోయి, 92వ ఏట, 1981 జనవరి 15న చనిపోయారు.